దయ్యాన్ని మాత్రమే అడిగే ప్రశ్న

మా సీమలో మనిషి మనసులో ఏముందో నోరు తెరిచి అడిగేది ఒకే ఒక్క సందర్భంలో. ఆ మనిషికి దయ్యం పట్టిందని నలుగురూ తీర్మానించుకున్నప్పుడు.

వెటకారానికి అంటున్న మాట కాదిది. కాలేజీలో చదివే రోజుల్లో మేం కొందరం హేతువాద మిత్రులం ఆలూరు వైపు ఒక పల్లెకు పోయాం. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకు గాలి సోకిందని ఇంటి ముందర కూర్చోబెట్టి వేపమండలతో కొడుతున్నారని విని, అడ్డుపడడానికి పోయాం. అడ్డుపడ్డాం, మాకూ నాలుగు తగిలాయి. ఆ దెబ్బలు ఎప్పుడో మానిపోయాయి. మరిచిపోలేనిది వేరే ఉంది. మండలతో కొట్టే ఆయన మధ్యమధ్యలో ఆగి, గొంతు తగ్గించి, ఆ పిల్లను కాదు, పిల్ల లోపల ఉందనుకున్నదాన్ని ఎంతో మర్యాదగా అడిగేవాడు.

"ఏమప్పా, నీకేం కావాల? ఎందుకేడుస్తాండావు? ఎవురి మింద కోపం నీకి?"

ఆ పిల్ల జవాబు చెప్పింది. అత్త మీద, అంది. దయ్యం పలికిందని జనం దండం పెట్టారు. దెబ్బలు పిల్లకు, మర్యాద దయ్యానికి. ఆ ఇంట్లో ఆ పిల్లను అంతకు ముందు ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే దయ్యం అవసరమే వచ్చేది కాదు. ఈ మాట తర్వాత చాలా సభల్లో చెప్పాను. చప్పట్లు బాగానే పడేవి. అదే మాట ఒకనాడు మా ఇంటికి నడిచొస్తుందని మాత్రం అనుకోలేదు.

మా చెల్లెల్ని ఇచ్చింది మంగంపేట గనుల పక్కనున్న ఊరికి. ఆమె భర్తకు సొంత లారీ ఉండేది. గనుల దగ్గర ముగ్గురాయి, అంటే బెరైటీసు ఖనిజం, ఎత్తుకుని ఓడరేవుకు తోలేవాడు. చూడటానికి మామూలు బూడిదరంగు రాయే. చేతికి తీసుకుంటే మాత్రం, కంటికి కనిపించినదానికి రెండింతలు బరువుంటుంది. పోయిన ఎండాకాలం మొదట్లో, బడులింకా జరుగుతుండగా ఒక రోజు, ఘాట్ రోడ్డు దిగి వస్తుండగా అతనికి గుండెలో నొప్పి వచ్చింది. తోడు క్లీనర్ కూడా లేడు. లారీని పక్కకు తీసి ఆపాడు. బ్రేకు వేశాడు. అది ఇంకా వాలుగా ఉన్న చోటు కాబట్టి, కిందికి దిగి, లోడులోంచి జారిపడిన ఒక రాయిని తెచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. లారీవాళ్లకు చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని అది. మళ్లీ ఎక్కి తన సీటులో కూర్చున్నాడు. కింది నుంచి ఎదురుగా ఎక్కి వచ్చిన ఆటోవాడు దిగి చూసేసరికి స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. ఆ ఆటో నిండా బడి పిల్లలు.

నేను కర్నూలు నుంచి చేరేసరికి ఊరంతా ఆ రాయి సంగతే చెప్పుకుంటోంది. మా వైపు చావు ఇంటికి పలకరింపుకు వచ్చినవాళ్లు "ఎట్లుండావు" అని అడగరు. "ఎట్లయిందమ్మా?" అని అడుగుతారు. అంటే చావు ఎలా జరిగిందో చెప్పమని. పోయినవాళ్ల ఇంటి మనిషి మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి. విన్నవాళ్లు కళ్లు తుడుచుకోవాలి. వాళ్లు లేచిపోగానే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, మళ్లీ మొదటి నుంచి. మా చెల్లెలు అలా చెప్పి చెప్పి, చివరికి ఒకే మాటల్లో, ఒకే చోట ఆగుతూ చెప్పడం నేను విన్నాను. రాయి దగ్గరకు రాగానే ఆగేది. అక్కడ వచ్చినవాళ్లు అందుకునేవాళ్లు. "పానం పోతాండినా రాయి పెట్నాడు సూడు, అట్లాంటి మొగోడు యాడుంటాడు తల్లీ, నువ్వు అదురుష్టవంతురాలివి" అనేవాళ్లు. మా చెల్లెలు తలూపేది.

ఆ రాయిని పోయినాయన అన్న మా చెల్లెలి ఇంటికి తెచ్చాడు. కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, తమ్ముడి ఫోటో కింద ఉంచాడు. నిన్నటిదాకా లారీల్లో పోతూ ఎవరి కాలికి తగిలినా తిట్టు తిన్న రాయి, ఒక్క పూటలో దేవుడైంది. నేను ఊరుకోలేదు. మనిషి మంచితనాన్ని మనిషికే ఉంచండి, రాయికి ఎందుకు కట్టబెడతారు, అన్నాను. "మైకు ముందర మాట్లాడినట్ల మాట్లాడొద్దు బావా, ఇది సచ్చిన ఇల్లు" అన్నాడతను. ఆ మాటలో న్యాయం ఉంది.

రెండు మూడు నెలలు గడిచాక మా చెల్లెలి గురించి మాటలు మొదలయ్యాయి. వాళ్ల ఇంటి ఎదురుగా రోడ్డు, రోడ్డుకు అవతల టీకొట్టు. అక్కడ రోడ్డు వాలు. లారీలు ఆగితే డ్రైవర్లు సీటులోకే టీ తెప్పించుకుంటారు. లారీ ఆగిన చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి గడపలోకి వచ్చి నిలబడుతోందట. డ్రైవరు దిగడం, రాయి తెచ్చి చక్రం కింద తోయడం, తిరిగి ఎక్కడం, అంతా కన్నార్పకుండా చూసి లోపలికి పోతోందట. ఎవరు పిలిచినా పలకదట. ఆమె తోడికోడలు, అంటే ఆ అన్న భార్య, ఇది చూసి భయపడిపోయింది. చచ్చినాయన ఆమెలో చేరి తన లారీని వెతుక్కుంటున్నాడని ఊళ్లో చెప్పింది.

తర్వాత బంధువుల ఇంట్లో ఒక నిశ్చితార్థానికి పోయినప్పుడు, భోజనాల దగ్గర ఎవరో పాత బంధువు ఈమెను చూసి మళ్లీ ఆ కథే ఎత్తుకున్నాడు. రాయి దగ్గరకు వచ్చేసరికి మా చెల్లెలు లేచి నిలబడి, ఎదురుగా ఎవరూ లేని చోటు వైపు చూస్తూ, "ఒరే, రాయి పెట్టేదానికి పొద్దుండె గదరా నీకి" అని అరిచి, పడిపోయింది.

అంతే, తీర్పు అయిపోయింది. నేను ఫోన్‌లో విషయం విన్నప్పుడు ఆ తీర్పులోని తర్కం నాకు ముందు అర్థం కాలేదు. ఊరికి పోయాక అతని అన్న విడమరిచి చెప్పాడు. పెళ్లాం మొగుణ్ని ఒరే అనదు. అనలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అతని ముందర గొంతెత్తి మాట్లాడింది ఎవరూ వినలేదు. కాబట్టి ఆ మాటన్నది ఆమె కాదు. ఆమె లోపల ఉన్నది వేరే ఎవరో. అతన్ని ఒరే అనగలిగినవాడు, అంటే అతనికంటే పెద్దవాడు, ఎవరో పోయిన పెద్ద. కోయిలకుంట్ల దగ్గర ఒకాయన ఉన్నాడు, దయ్యాల్ని పలికిస్తాడు. వచ్చే అమావాస్యకు తీసుకుపోతాం.

ఎంత చక్కటి తర్కం. మెట్టు తర్వాత మెట్టు, ఎక్కడా జారదు. ఒక ఆడమనిషికి మొగుడి మీద కోపం వస్తుందని ఒప్పుకోవడం కంటే, చచ్చినవాడు లేచొచ్చాడని నమ్మడం వీళ్లకు తేలికైంది.

కానీ అప్పుడు నేను కూడా ఈ మాట అనలేదు. నేను వాదించింది దయ్యాలు లేవని. నిద్ర చాలకపోతే, దిగులు పేరుకుంటే మెదడు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పాను. కడపలో మంచి మనోవైద్యుడు ఉన్నాడు, రేపే చూపిస్తానన్నాను. అతనూ నేనూ నడవాలో కూర్చుని పొద్దు వాలేదాకా వాదించుకున్నాం. మా ఇద్దరి మధ్యా గోడకు ఆనుకుని మా చెల్లెలు కూర్చునే ఉంది. అమావాస్యదాకా ఆగుతానన్నాడు. నేను కూడా ఆగుతానన్నాను. ఆమె మాత్రం కోయిలకుంట్లకూ రానంది, కడపకూ రానంది. ఎందుకు రావు అంటే, లేచి నీళ్లకు పోయింది.

ఇక నేను అక్కడే ఉండిపోయాను. అమావాస్య ఇంకా కొన్ని రోజుల దూరంలో ఉంది. ఇంట్లో ఆమె, ఆమె కూతురు, నేను. ఆ పిల్ల బెంగళూరులో ఒక కంపెనీలో ఫోన్‌లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం చేస్తుంది. తండ్రి పోయినప్పటి నుంచి ఇంటి నుంచే పని. స్పానిష్ వస్తే జీతం పెంచి వేరే జట్టులో వేస్తామన్నారట. అందుకని కంప్యూటరు ముందర కూర్చుని ఆ భాష నేర్చుకుంటోంది. పాఠం చెప్పే ఆవిడ ఎక్కడో కొలంబియాలో ఉంటుంది. మనకు తెల్లవారుతుంటే అక్కడ ఇంకా నిన్నే.

ఆ వారం పాఠం మనసు గురించి. ఎదుటి మనిషిని ఎలా ఉన్నావు, లోపల ఏమనిపిస్తోంది అని అడగడం, దానికి జవాబు చెప్పడం. ఇంట్లోవాళ్లను రోజూ అడిగి అలవాటు చేసుకోమని టీచరు చెప్పిందట. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ముందు నన్నే పట్టుకుంది.

"మామా, కోమో తే సియెంతెస్?"

"అంటే?"

"నీకు ఎట్లనిపిస్తాండాది అని."

"దేన్ని గురించి?"

"దేన్ని గురించీ కాదు మామా. ఊరికే. నీ లోపల."

నాకు నవ్వొచ్చింది. మంచినీళ్లు ఇస్తావా, అన్నాను. ఆ పిల్ల తల కొట్టుకుని, వాళ్లమ్మ దగ్గరకు పోయింది.

వాళ్లమ్మ వేరుశనగ కాయలు వలుస్తోంది. మధ్యాహ్నం, నడవాలో. కూతురు ఎదురుగా కూర్చుని తానూ వలుస్తూ ఒక్కొక్క మాటా నేర్పింది. దుఃఖానికి త్రిస్తే. అలసటకు కన్సాదా. భయానికి మియెదో. కోపానికి ఎనొహాదా. మా చెల్లెలు అయిదో తరగతితో బడి మానేసింది. ఆ మాటల్ని నోట్లో తిప్పుతూ, సరిగా రాకపోతే నవ్వుతూ, మళ్లీ పలికేది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు విన్నాను. మధ్యలో కూతుర్ని ఒకటి అడిగింది. మీ నాయన తోలిన రాయి ఓడెక్కి పోయేది కదా, అది పోయే దేశాల్లో మాట్లాడేది ఇదేనా, అని. కొన్నిట్లో ఇదే అనుకుంటానమ్మా, నూనె బావులు తవ్వేదానికి వాడతారంట, అంది కూతురు. మా చెల్లెలు కొంచెంసేపు ఫోటో వైపు చూసింది. ఆ తర్వాత ఇంకా శ్రద్ధగా నేర్చుకుంది.

మొదటి రోజు అడిగితే కన్సాదా అంది. అలసిపోయాను. కూతురు చప్పట్లు కొట్టింది. రెండో రోజు లారీ ఒకటి ఆగితే లేచి గడపలోకి పోయి, చూసి, తిరిగొచ్చి కూర్చుంది. కూతురు ఏమీ జరగనట్టే ప్రశ్న వేసింది.

"అమ్మా, కోమో తే సియెంతెస్?"

"ఎనొహాదా."

"అది కోపం మ్మా. దుఃఖానికి త్రిస్తే అనాల."

"తెలుసు." కాయ పటుక్కున విరిచి గింజలు చేటలో వేసింది. "ఎనొహాదా."

కూతురు నా వైపు చూసింది. నేను చేతిలోని పేపరు దించాను. తర్వాతి ప్రశ్న కూడా ఆ పిల్ల పాఠంలోనే ఉంది. అలవాటు కొద్దీ అడిగేసిందో, తెలిసే అడిగిందో నేనెప్పుడూ ఆరా తీయలేదు. కోన్ కియెన్, అంది. ఎవరి మీద?

మా చెల్లెలికి దానికి జవాబు ఆ భాషలో రాదు. వలిచిన పొట్టును చేత్తో ఒక పక్కకు నెట్టింది.

"మీ నాయన మింద" అంది.

టీకొట్టు దగ్గర ఆగిన లారీ ఇంజను ఇంకా దడదడమంటోంది. గోడకు తగిలించిన ఫోటో అద్దం ఆ అదురుకు సన్నగా మోగుతోంది. నేను ఏ దయ్యాన్నీ నమ్మను. అయినా ఆ క్షణంలో ఫోటో వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడే తెలిసింది ఆమె గడపలో నిలబడి ఏం చూస్తోందో. లారీని వెతకడం లేదు. డ్రైవరు దిగి, రాయి వెతికి, పెట్టి, మళ్లీ ఎక్కి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో చూస్తోంది. ఒకసారి చూస్తే చాలలేదు. లారీ ఆగిన ప్రతిసారీ చూస్తోంది. ఒకవేళ ఎవరికైనా ఒక ఫోను చేసేంత సేపు కూడా పట్టదేమో అని.

అమావాస్య పొద్దున జీపు వచ్చింది. అతని అన్న, వదిన, నిమ్మకాయలు, కొబ్బరికాయలు, కొత్త గుడ్డ. నేను గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పోలీసులకు ఫోన్ చేస్తానని కూడా చెప్పాను. చేసేవాణ్నే. కానీ మా చెల్లెలు లోపలి నుంచి వచ్చి, నా కుర్చీ పక్కన నిలబడింది. తలస్నానం చేసినట్టుంది, జుట్టు తడిగా ఉంది.

"లోపల ఎవురూ ల్యారు బావా. ఒరే అనింది నేనే."

అతను జాలిగా చూశాడు. ఆ జాలి నటన కాదు. తమ్ముడి భార్యకు మంచి చేయడానికే వచ్చాడతను. "నీకి తెలీదు మ్మా. నేనే అన్న్యానని అదే నీతో అనిపిస్తాది" అన్నాడు.

ఎన్నో వేదికల మీద ఎదుర్కొన్న వాదమే. దేన్నయినా మింగేసే వాదం. మనిషి ఔనన్నా దయ్యమే, కాదన్నా దయ్యమే. నేను కోపంతో ఏదో అనబోయాను. మా చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"సరే బావా. ఆడిదాకా పొయ్యేదెందుకు. దయ్యమే అనుకో. నువ్వే అడుగు."

"నేనా?"

"నువ్వే. ఎవురి మింద కోపం అని అడుగు. అడిగితే పలుకుతాది."

అతను భార్య వైపు చూశాడు, నా వైపు చూశాడు. పలికించేవాళ్ల నోట ఎన్నోసార్లు విన్న మాటే, ఇప్పుడు తానే అడగాల్సి వచ్చింది. చివరికి కిందికి చూస్తూ, దాదాపు వినబడకుండా అడిగాడు.

"ఎవురి మింద కోపమప్పా నీకి?"

"నీ తమ్ముని మింద" అంది మా చెల్లెలు. గొంతు పెంచలేదు. పలకరింపుకు వచ్చినవాళ్లకు చెప్పినట్టే, మొదటి నుంచి చెప్పింది. ఈసారి రాయి దగ్గర ఆగలేదు. "బండి ఆపినాడు. బ్రేకు ఏసినాడు. దిగినాడు, రాయి యెతికినాడు, పెట్నాడు, మళ్లా ఎక్కినాడు. అంతసేపుండె బావా. ఫోను జోబిలోనే ఉండె. అందురి పిల్లోల్లు గ్యాపకమొచ్చిరి, బండి గ్యాపకమొచ్చె, రాయి గ్యాపకమొచ్చె. నేను రాల్యా."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను అరుగు మీద కూర్చుండిపోయి, చేతిలోని నిమ్మకాయల సంచిని పక్కన పెట్టాడు.

"నాకూ చెయ్యల్యా మ్మా" అన్నాడు. "నేనూ రాల్యా ఆ నాకొడుక్కి."

చావు అయిన రోజు నుంచి అతను ఏడవడం నేను చూడలేదు. ఏర్పాట్లు చేశాడు, రాయి తెచ్చాడు, పూజ చేశాడు, వాదించాడు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. జీపు డ్రైవరు ఇంజను ఆపేసి కొంచెం దూరం పోయి నిలబడ్డాడు. మరదలు బావను తాకకూడదు. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

కోయిలకుంట్లకు ఎవరూ పోలేదు. ఇది హేతువాదానికి గెలుపని నేను ఎక్కడా రాసుకోలేదు. నా వాదంతో ఏదీ కదల్లేదు. వదినకు ఇంకా అనుమానమే. దయ్యమైతే వదిలిపోయేది, ఇది వదిలేది కాదు, అని పోతూ పోతూ నాతో అంది. ఆమె మాట తప్పని నేను అనలేను.

మరునాడు నేను కర్నూలుకు బయలుదేరాలి. బస్సుకు ఇంకా సమయం ఉంది. మా చెల్లెలు వేరుశనగ గింజలు పట్టా మీద ఎండబోస్తోంది. గాలి పట్టాను ఎత్తేస్తోంది. మూడు మూలలకూ ఇటుకలు పెట్టింది. నాలుగో మూలకు ఏమీ దొరక్క, లోపలికి పోయి ఫోటో కింది రాయిని రెండు చేతులతో ఎత్తుకొచ్చి పెట్టింది. కుంకుమ కడగలేదు. రాయి బరువుకు ఆ మూల ఇక లేవలేదు.

ఆమెను ఒక మాట అడగాలనుకున్నాను. ఎట్లుండావమ్మా అనే మాట. నా చెల్లెలు. నా చేతుల మీద పెరిగిన పిల్ల. తెలుగులో ఆ ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చి, తిన్న్యావా అన్న మాటగా మారిపోతోంది. చివరికి మేనకోడలు అడిగినట్టే అడిగాను.

"కోమో తే సియెంతెస్?"

నేను పలికిన తీరుకు ఆమె నవ్వింది. లోపల కూతురు కూడా నవ్వింది. గింజలు చేత్తో సర్దుతూ సర్దుతూ, నవ్వు తగ్గాక చెప్పింది.

"మియెదో."

భయం. దేనికి భయం అని అడిగాను. ఈసారి తెలుగులోనే వచ్చింది నాకు.

"నిన్న చెప్పినప్పుడి నుంచి కోపం తగ్గుతాండాదన్నా" అంది. "అది గూడా పాయెననుకో. ఆ మనిషి ఇంగ యాడుంటాడు?"

రోడ్డు మీద లారీ ఒకటి ఆగింది. ఆమె లేవలేదు. తల మాత్రం ఎత్తి, డ్రైవరు దిగి రాయి పెట్టి మళ్లీ ఎక్కేదాకా వింటూ కూర్చుంది. నేనూ విన్నాను. ఎంతసేపు పట్టిందో ఇద్దరమూ పైకి చెప్పుకోలేదు.